ఆగి ఆగి నడిచిన మావయ్య

ఇవాళ పొద్దున్న రైల్వే కాలనీలో నడుస్తుంటే మా ఆయన ఎవరిదో క్వార్టర్ ముందు ఆగి, గోడ మీంచి వాలిన జామకొమ్మను చూస్తూ నిలబడ్డారు. ఇంకెవరైనా అయితే తామూ కాయల వంక చూసేవారు. నేను ఆయన పిక్కల వంక చూశాను.

దీనికంతా మా మావయ్యే కారణం. మా అమ్మ తమ్ముడు. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలోనే బిలాస్‌పూర్ వచ్చి, రైల్వేలో పట్టాల వెంట మైళ్ళకు మైళ్ళు నడిచే డ్యూటీ చేసి రిటైరైన మనిషి. నోట్లో బీడీ ఉండేది గాని మాట ఉండేది కాదు. అలాంటివాడు ఉన్నట్టుండి వీధిలో కనబడ్డ ప్రతివాళ్ళ దగ్గరా ఆగి కబుర్లు మొదలెట్టాడు. ఇవాళ కూరేమిటని అడిగేవాడు, మేకపిల్లకు పేరు పెట్టారా అనేవాడు. దయాల్‌బంద్ పేటలో చెప్పుల కొట్టు ముందు నిలబడి, కొనే ఉద్దేశం లేని చెప్పులన్నీ తేరిపార చూసేవాడు. పెద్దవయసులో మనిషి మెత్తబడ్డాడని మేమంతా మురిసిపోయాం. అత్త మాత్రం, "నాతో ఏటీ మాటల్లేవు గాని ఊరందరితోటీ ఉన్నాయి" అని మూతి ముడిచేది. తీరా చూస్తే, నాలుగడుగులు వేసేసరికి ఆయనకు పిక్క పట్టేసేదట. కాసేపు నిలబడితే సర్దుకునేదట. కాలి బొటనవేలు నల్లబడ్డాక గాని ఆ సంగతి బయటపడలేదు.

కాలికి వెళ్ళే రక్తనాళం రెండుచోట్ల పూడిపోయిందనీ, ఆలస్యమైతే కాలు దక్కదనీ రాయ్‌పూర్‌లో డాక్టరు చెప్పాడు. గజ్జల దగ్గర కోసి అక్కడ పేరుకున్నది తీసేస్తారట. ఆ దారినే పైకి సన్నటి తీగ పంపి, పొట్ట దగ్గర నాళంలో ఉన్న రెండో అడ్డును బెలూనుతో తెరిచి స్టెంటు పెడతారట. రెండూ ఒకే బల్ల మీద, ఒకేసారి. మావయ్య అంతా విని, "అచ్ఛా. సగం తవ్వీసి, సగం తోసీడమన్నమాట. అలగే కానీండి" అన్నాడు. నవ్వబోయి ఆయన చేతులు చూశాను. దుప్పటి అంచును గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

ఆపరేషన్ గది బయట బెంచీ మీద అత్తా నేనూ. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మందుల వాసన వచ్చేది. "కాలు పోతే పోనీ, మనిషొస్తే చాలే" అంది అత్త. అంతలోనే, "కాదే, కాలూ ఉండాల. నడకే కదా ఆయన పేణం" అంది. చివరికి బయటికి తెచ్చాక నర్సు ఆయన పాదం మీద చిన్న యంత్రం ఆనించింది. మొదట గరగర తప్ప ఏమీ లేదు. అత్త నా మణికట్టు నొక్కేసింది. తరువాత హుష్ హుష్‌మని నెత్తురు పారే చప్పుడు వినబడింది. అత్త ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని, "ఎచ్చగుందే" అని ఏడ్చేసింది.

బొటనవేలి కొస పోయింది, బీడీ పోయింది, కాలు నిలిచింది. ఇప్పుడు ఎవరి గుమ్మం ముందూ ఆగకుండా చరచరా వెళ్ళిపోతాడు. మీ మావయ్యకు మళ్ళీ గర్వం వచ్చిందని ఇరుగుపొరుగు నాతో అంటుంటారు.

"పిక్క లాగుతోందా?" అని మా ఆయనను అడిగాను. "లేదే, కాయలు చూస్తున్నాను" అన్నారు. సరేనని తలూపి, మళ్ళీ నడక మొదలెట్టిన ఆయన అడుగుల వెనకే కళ్ళు పెట్టుకుని నడిచాను. మావయ్య కాలు ఆయనకు దక్కింది. మనిషి ఊరికే ఆగితే ఊరికే ఆగాడనుకునే రోజులు మాత్రం నాకు మళ్ళీ రాలేదు.