చల్లారిందన్న ఇంజన్

ఆ రోజు పొద్దున సత్సంగంలో ఇంద్రియ నిగ్రహం గురించి చెప్పే వంతు నాది. వేడి, చలి అంటని స్థితికి చేరడమే సాధనలో పెద్ద మెట్టని చెప్పాను. అందరూ తలలూపారు. తిరిగి సుభాష్‌పల్లిలో మా ఇంటికి వచ్చేసరికి మా ఆయన ట్రాఫిక్ కాలనీ నుంచి నడిచి వస్తున్నారు. ఒక కాలికే చెప్పు ఉంది.

"రెండోదేదండీ?"

ఆయన కిందికి చూసుకున్నారు. "ఇప్పుడే ఉన్నాది కదే!"

నవ్వాను. ఆయన గుమ్మం దాటాక నేల మీద రక్తపు చుక్క కనిపించింది. పాదంలో చిన్న గాజుపెంకు దిగి ఉంది. తీస్తుంటే ఆయన కనీసం కాలు వెనక్కి లాక్కోలేదు. షుగరు ఉన్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గుతుందని డాక్టరు ముందే చెప్పాడు. చేతుల గురించి చెప్పాడో లేదో గుర్తు రాలేదు.

మధ్యాహ్నం మా మరిది ఇందా బజారులో కూరగాయలు దించి, తన చిన్న పెట్రోలు ట్రక్కుతో నేరుగా మా వాకిట్లోకి వచ్చాడు. ఇంజన్ ఎగిరెగిరి పడుతోంది.

"వదినా, అన్నియ్య ఉన్నాడా? బండి దగ్గుతంది. కొత్త ప్లగ్గులు తెచ్చినాను. గాలివాన రాకముందే మార్సియ్యాల."

మా ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరయ్యారు. వీధిలో ఏ బండి ఆగినా ఆయన చేతికే రావాలి.

"బండి మేస్త్రీకి డబ్బులియ్యడానికి ఏడుస్తాడే నా తమ్ముడు," అంటూ పానాల పెట్టె తీశారు.

"నీ సెయ్యి పడితే బండి బెదిరిపోద్ది దాదా, అందుకే తెచ్చినాను."

పడమటి ఆకాశం సిరా ఒలికినట్టు నల్లబడింది. గాలి లేదు. కాకులు కూడా ఎటో పోయాయి. డ్రైవరు సీటు ఎత్తితే దాని కింద ఇంజన్ ఉంది.

"కొంచెం సల్లారనీ అన్నియ్యా, కాలిపోతంది."

ఆయన ఎడమ అరచెయ్యి ఇంజన్ మీద ఆనించారు. "ఏటి కాలడం? సల్లగానే ఉంది కదరా."

మరిది నా వైపు చూశాడు. నేను టార్చి పట్టుకుని దగ్గరికి జరిగాను.

పాత ప్లగ్గులు నల్లగా మసిబారి బయటికొచ్చాయి. కొత్త ప్లగ్గుకి మొదటి చుట్లు వేళ్ళతోనే తిప్పాలని, గట్టిగా బిగించే రాడ్డు పానాకి ఆఖర్నే పెట్టాలని ఆయన ఎన్నోసార్లు చెప్పగా విన్నాను. ప్లగ్గు మరలు అడ్డం పడితే వేళ్ళకే తెలుస్తుందట. మొదటి రెండూ దిగాయి. మూడోది కొంచెం వంకరగా నిలబడింది.

"సరిగ్గా కూసుంది," అన్నారు ఆయన.

"ఒంకరగా ఉన్నట్టుంది, సూడు."

"సూడ్డమేటిరా? నా యేళ్ళు సెప్తాయి. షాపులో నాను బిగించిన ఇంజన్లు ఇప్పటికీ తిరుగుతన్నాయి. మీ వదినకి సెప్పు, రాడ్డందియ్యమని."

వంకరగా ఉన్నదాన్ని ఆ రాడ్డుతో బిగిస్తే మరలు తెగి ఇంజనే పాడవుతుంది. అందించబోయి ఆగాను. నా వేలు ఇంజన్‌కి తగిలింది. చురుక్కుమని వెనక్కి లాక్కున్నాను. అప్పుడు చూశాను, నా వేలు కాలిన చోటికి జానెడు దూరంలో, అదే లోహం మీద, ఆయన ఎడమ అరచెయ్యి ఇంకా తాపీగా ఆని ఉంది.

"చెయ్యి తియ్యండి!"

"ఏటే?"

మణికట్టు పట్టుకుని లాగాను. అరచెయ్యి తిప్పితే మధ్యలో చర్మం తెల్లగా ఉబ్బి ఉంది. ఆయన ఆ చేతిని వేరెవరిదో అన్నట్టు చూశారు.

"ఎప్పుడయినాదిది?" అని నన్నే అడిగారు.

మరిది వంకర ప్లగ్గుని నెమ్మదిగా వెనక్కి తిప్పి తీశాడు. మళ్ళీ పెట్టడానికి అన్నయ్యని పిలవలేదు, తనే పెట్టుకున్నాడు. పానాల పెట్టె మూసి, తన వైపుకి జరుపుకున్నాడు. ఆయన అది చూశారు. ఈలోగా దుమ్ము లేచింది, రేకుల మీద పెద్ద చినుకులు పడ్డాయి.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. రేపు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్దామంటే ఆయన సరే అన్నారు. అంత తొందరగా ఒప్పుకున్నందుకే నాకు భయమేసింది. పొద్దున సత్సంగంలో చెప్పిన మాట పదే పదే గుర్తొచ్చింది. మనం కోరి ఇంద్రియాలను లోపలికి మళ్ళించుకోవడం వేరు, అవి చెప్పకుండా మనల్ని వదిలిపోవడం వేరు. స్వామీ, వేడి తెలియడం కూడా నువ్వు పెట్టిన భిక్షే అని ఇన్నాళ్ళూ నీకు దణ్ణం పెట్టలేదు అనుకుంటూ కర్పూరం వెలిగించాను.

ఆయన కట్టు లేని కుడి చెయ్యి హారతి మీదికి చాపారు. కళ్ళు మూసుకున్నారు. ఎప్పుడు తీస్తారా అని చూస్తూ నిలబడ్డాను. ఆయన తియ్యలేదు.

నేనే పళ్ళెం వెనక్కి లాక్కున్నాను.