రెండోసారి గుచ్చొద్దన్నాను

అది 2022 ఎండాకాలం. నిజామాబాద్‌లో నేను డయాగ్నస్టిక్ సెంటర్ పెట్టి అప్పటికి పదకొండేళ్లు. ఒకే గదిలో, ఒకే మైక్రోస్కోపుతో, నేనే రక్తం తీసి, నేనే పరీక్ష చేసి, సాయంత్రం నేనే నేల తుడిచిన రోజుల నుంచి మూడంతస్తుల భవనం దాకా వచ్చాం. బోధన్‌లోనూ, ఇంకో రెండు చోట్లా కలెక్షన్ సెంటర్లు ఉండేవి. అంటే అక్కడ రక్తం మాత్రమే తీస్తారు. ట్యూబులు నిజామాబాద్ వస్తే మా మెషీన్ల మీద పరీక్ష చేసి రిపోర్టు ఫోనుకు పంపేవాళ్లం. ల్యాబ్ టెక్నీషియన్‌గా మొదలైన ఆడమనిషి ఇంత చేసిందని ఊళ్లో అనేవాళ్లు. నేనూ అనుకునేదాన్ని.

బోధన్ సెంటర్ చూసేది సుజాత. మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసిన కార్మికుడి కూతురు. నా దగ్గరే పని నేర్చుకుంది. ఏడ్చే పిల్లలకు కూడా తెలియకుండా సూది గుచ్చేంత నెమ్మదైన చెయ్యి ఆమెది.

ఆ ఏడాది మొదట్లో నేనొక నియమం పెట్టాను. ఎవరికైనా సూది ఒక్కసారే గుచ్చాలి. రెండోసారి గుచ్చితే జనం విసుక్కుంటున్నారని, ఇంటర్నెట్‌లో మా గురించి చెడ్డగా రాస్తున్నారని మా మేనేజర్ రమేశ్ చెప్పాడు. 'నొప్పి లేని పరీక్ష' అని బోర్డు రాయించాం. ఎవరి మీద కంప్లయింట్ వచ్చినా ఊరుకోనని మీటింగులో గట్టిగా చెప్పాను. సుజాత ఒక్కతే లేచింది.

"నరం దొరకకుంటె ఏం చెయ్యాలె మేడం?"

"పని వచ్చినోళ్లకు దొరకకపోవుడు ఉంటదా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూర్చుంది.

మే నెలలో ఒక పొద్దున, రెంజల్ దగ్గరి పల్లె నుంచి సాయవ్వ అనే ఆమెను కూతురు మంజుల ఆటోలో బోధన్ తీసుకొచ్చింది. సాయవ్వ బీడీలు చుట్టేది. యాభై దాటి ఉంటాయి. మూడు రోజుల వాంతులు, విరేచనాలతో లేచి నిలబడలేని స్థితిలో ఉంది. అక్కడి డాక్టరు ఎలక్ట్రోలైట్స్ పరీక్ష రాశాడు. రక్తంలో సోడియం, పొటాషియం లాంటి లవణాలు ఎంతున్నాయో చూసే పరీక్ష అది. దాంతోపాటు కాల్షియం, రక్తకణాలు కూడా చూడమన్నాడు.

ఒంట్లో నీళ్లు తగ్గితే నరాలు చేతికి అందవు. సుజాత గుచ్చితే వచ్చిందే కొంచెం రక్తం. అందులో ఎక్కువ భాగం ఊదా మూత ట్యూబులోకి పోయింది. ఎర్ర మూత ట్యూబు అడుగు కూడా నిండలేదు. ఊదా మూత ట్యూబు రక్తకణాల పరీక్షకు. రక్తం గడ్డకట్టకుండా అందులో ఈడీటీఏ అనే మందు ఉంటుంది. ఆ మందులోనే పొటాషియం ఉంటుంది. లవణాలు చూడాలంటే ఆ మందు లేని ఎర్ర మూత ట్యూబు వాడాలి. ఊదా దాన్నుంచి ఎర్ర దాంట్లోకి కొంచెం వంపినా మెషీన్ పొటాషియాన్ని విపరీతంగా ఎక్కువ చూపిస్తుంది, కాల్షియాన్ని బాగా తక్కువ చూపిస్తుంది. ల్యాబులో చేరిన మొదటి నెలలో నేర్పే పాఠమిది. సుజాతకు నేర్పింది నేనే.

అయినా ఆమె వంపింది.

మధ్యాహ్నానికి రిపోర్టు తయారైంది. మామూలుగా ఐదు దాటని పొటాషియం ఎనిమిదికి దగ్గరగా ఉంది. నిజంగా అంత ఉంటే గుండె ఆగిపోవచ్చు. ఇలాంటి రిపోర్టు బయటికి వెళ్లే ముందు నేను చూసేదాన్ని. అనుమానం వస్తే మళ్లీ రక్తం తెప్పించేదాన్ని. పదేళ్లు అలాగే నడిచింది. సెంటర్లు పెరిగాక ఆలస్యమవుతోందని, ఏ రిపోర్టూ నా కోసం ఆగకుండా నేరుగా వెళ్లేలా కంప్యూటర్లో నేనే మార్పించాను. ఆ మధ్యాహ్నం నేను ఆర్మూర్‌లో కొత్త సెంటర్‌కు స్థలం చూస్తున్నాను.

రిపోర్టు చూసి డాక్టరు సాయవ్వను వెంటనే నిజామాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆస్పత్రికి పంపాడు. అక్కడ మా కాగితాన్ని నమ్మి పొటాషియం తగ్గించే మందులు మొదలుపెట్టారు. నిజానికి విరేచనాలతో ఆమెకు పొటాషియం అప్పటికే బాగా పడిపోయి ఉంది. ఉన్న కాస్తా తగ్గింది. సాయంత్రానికి గుండె లయ తప్పింది. మర్నాడు పొద్దున ఆమె చనిపోయింది.

ఆ ఆస్పత్రి ల్యాబులో పనిచేసే అతను నాకు ఫోన్ చేశాడు.

"మేడం, మీ దాంట్ల ఎనిమిది ఉన్నది. రాత్రి మేం తీసిన దాంట్ల రెండు కూడ సక్కగ లేదు. ఒక్కసారి సూసుకోండ్రి."

కంప్యూటర్లో రిపోర్టు తెరిచాను. బాగా పడిపోయిన కాల్షియం అంకె చూడగానే ఊదా ట్యూబు రక్తం కలిసిందని అర్థమైపోయింది. అర నిమిషం కూడా పట్టలేదు. ముందు రోజు ఆ అర నిమిషం నేను ఆ కుర్చీలో ఉండి ఉంటే సరిపోయేది. మందులు ఎక్కించే ముందు ఆస్పత్రి వాళ్లయినా ఇంకోసారి పరీక్ష చేయాల్సిందని నా తరఫున వాదించినవాళ్లు ఉన్నారు. కానీ వాళ్ల చేతిలో ఉన్నది నా పేరున్న కాగితం.

సుజాతను పిలిపించాం. ఆమె ఏదీ దాచలేదు.

"నరం దొరకలే మేడం. జరంత వంపిన. గంతదానికి ఏం కాదనుకున్న."

"ఇంకోసారి ఎందుకు గుచ్చలే మరి?" అని అరిచాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "మీరే కద మేడం వద్దన్నది?"

"తప్పు నువ్వు జేసి మేడం మీద పెడ్తున్నవా?" అని రమేశ్ అందుకున్నాడు. అతన్ని నేను ఆపలేదు. ఆ రోజే సుజాతను పని నుంచి తీసేశాం. రమేశ్ తయారుచేసిన ఉత్తరంలో 'వ్యక్తిగత నిర్లక్ష్యం' అని ఉంది. కింద సంతకం నాది.

తర్వాతి వారం పట్టణంలో ఒక సంఘం వాళ్లు, వైద్యరంగంలో రాణించిన మహిళ అని నాకు శాలువా కప్పారు. నాయకత్వం మీద మాట్లాడమన్నారు. సిబ్బందిని ఇంటి మనుషుల్లా చూసుకోవాలని, తప్పు జరిగితే ముందుగా నిలబడాల్సింది యజమానేనని చెప్పాను. ఎక్కడా తడబడలేదు. చప్పట్లు బాగా పడ్డాయి.

నెల తర్వాత మంజుల మా సెంటర్‌కు వచ్చింది. బీడీ కార్మికులకు అందే సాయానికి దరఖాస్తు పెట్టుకోవాలని, తల్లి రిపోర్టు కాపీ కావాలని కౌంటర్లో అడుగుతోంది. పేరు విని లోపలికి పిలిచాను.

"మీ రిపోర్టుతోనే తెల్సింది అక్క, మా అవ్వకు గంత పెద్ద రోగమున్నదని. మీరు జల్దినే జెప్పిండ్రు. మా నసీబే మంచిగ లేదు" అని చేతులు జోడించింది.

ఆ దండం తీసుకుని, కాపీ ఇచ్చి పంపిస్తే ఆమెకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఆ ఆలోచన నాకు రాలేదంటే అబద్ధం. ఖాళీ ట్యూబులు రెండు తెచ్చి బల్ల మీద పెట్టి జరిగిందంతా చెప్పాను. నేను పెట్టిన నియమం గురించి చెప్పాను. రిపోర్టు నేను చూడలేదనీ చెప్పాను.

మంజుల తిడుతుందని ఎదురుచూశాను.

"గా పొద్దు మా అవ్వ ఇంకో చెయ్యి సాపింది అక్క" అంది చివరికి. "'గీ చెయ్యికి దొరుకుతదేమో సూడు బిడ్డా' అన్నది. మీ పిల్ల భయపడుకుంట, 'వద్దవ్వా, ఒక్కసారే గుచ్చాలె, మా మేడం ఊకోదు' అన్నది. ఎంత మంచి మేడమో అనుకున్న నేను."

తర్వాత లేచి, "గిప్పుడు నాకు జెప్పిందంత కాయితం మీద రాసియ్యిండ్రి" అంది. రాసి సంతకం చేసి ఇచ్చాను. ఆ కాగితంతోనే ఆమె ఫిర్యాదు చేసింది. విచారణ జరిగింది. బోధన్ సెంటర్ మూసేశాను. రమేశ్ వేరేచోటికి వెళ్లిపోయాడు. కొందరు డాక్టర్లు మాకు పరీక్షలు రాయడం మానేశారు. అయినా నిజామాబాద్ సెంటర్ నిలబడింది, ఇప్పటికీ బాగానే నడుస్తోంది. ఆ మాట చెప్పడానికి నాకు సంతోషంగా లేదు.

సుజాత ఇంటికి వెళ్లాను. పాత ఉత్తరం తప్పని కొత్తగా రాసి తీసుకెళ్లాను, పనిలోకి రమ్మన్నాను. ఆమె బట్టల షాపులో పనికి కుదిరింది. ఉత్తరం నిలబడే చదివి మడతపెట్టింది.

"గీ మాట గా దినం రమేశ్ సార్ ముంగట అంటె సాలుండె మేడం. నేను రాను" అంది. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఇవ్వాల్సిన అవసరమూ లేదు.

ఈ కేసు ఏం నేర్పిందని కొత్తగా చేరే టెక్నీషియన్లు అడుగుతుంటారు. ట్యూబుల సంగతి నాకు ముందే తెలుసు, అది నేర్చుకోవడానికి ఒక మనిషి చావక్కర్లేదు. నా దగ్గర పనిచేసేవాళ్లు రోగి మొహం చూడటం మానేసి నా మొహం తలుచుకుంటూ పనిచేస్తున్నారని మాత్రం నాకు తెలియదు. దాన్నే నేను నాయకత్వం అనుకున్నాను.