గిల్దో చెప్పిన చోటు

నిజం చెబితే పళ్లు ఊడిపోతాయన్నట్టు బతికిన మనిషి గిల్దో. కుక్కలు వాసన పట్టి నేలలోంచి తవ్వే ఖరీదైన పుట్టగొడుగు ట్రఫుల్. అది ఎక్కడ దొరికిందని అడిగితే లాంగె కొండల్లో ఎవరూ నిజం చెప్పరు, అదక్కడి మర్యాద. గిల్దో మాత్రం పొద్దున ఏం తిన్నావని అడిగినా అబద్ధమే చెప్పేవాడు. తూర్పున పనుంటే పడమటికి బయలుదేరి, పొగమంచులో కలిసిపోయాక చుట్టు తిరిగి వచ్చేవాడు. అతని కుక్కకు కూడా మూడు పేర్లుండేవి.

"ఏమయ్యా గిల్దో, ఎక్కడ దొరికింది?" అని పక్కింటి ఒత్తావియా ముప్పై ఏళ్లుగా అడుగుతూనే ఉంది.

"వాగు ఒడ్డున, పెద్ద పోప్లర్ చెట్టు కింద."

"అయితే వాగు దగ్గర ఏమీ లేదన్నమాట!" అని నవ్వేది ఆమె.

ఆ శరత్తులో మాత్రం ఆమెకు నవ్వు రాలేదు. ఆమె కుక్క, పద్నాలుగేళ్ల బిర్బాకు ముక్కు మందగించింది. నెల రోజులుగా ఒక్క ట్రఫుల్ పట్టలేదు. ఉత్త చేతులతో తిరిగొచ్చిన ప్రతిసారీ ఆ కుక్క సిగ్గుపడి, తిండి గిన్నెకు వీపు తిప్పి పడుకునేది.

"రేపూ దొరక్కపోతే ఇది నాకు దక్కదయ్యా" అంటూ బావురుమంది ఒత్తావియా.

గిల్దో టోపీ తీసి తల గోక్కున్నాడు. "వాగు ఒడ్డుకి వెళ్లు. పెద్ద పోప్లర్ చెట్టు కింద."

"ఇప్పుడు కూడానా? సిగ్గు లేదూ!"

"ఈ ఒక్కసారికి నమ్ము, ఒత్తావియమ్మా."

తెల్లవారేసరికి లోయంతా మంచు. చెట్లు మొదళ్లు లేకుండా గాలిలో తేలుతున్నాయి. బిర్బా తోక ఒకసారి కనిపించి, ఒకసారి మాయమై, పోప్లర్ కింద ఆగిపోయింది. తవ్వడం మొదలెట్టింది. కోడిగుడ్డంత ట్రఫుల్! కుక్క చిన్నపిల్లలా గంతులేస్తుంటే ఒత్తావియా దాన్ని కావలించుకుని ఏడ్చింది.

తర్వాత చేతిలోకి చూసింది. వాగు ఒడ్డంతా నల్ల ఇసుక. ట్రఫుల్‌కి అంటుకున్నది కొండమీది తెల్ల బంకమట్టి. గుంటలో ఘాటైన చీజ్ ముక్క కూడా ఉంది. బండరాయికి ముక్కున్నా ఆ వాసన పసిగట్టేది.

మధ్యాహ్నం బిర్బా గిన్నె నాకుతుంటే గిల్దో కంచె మీదుగా తొంగిచూశాడు. "ఎక్కడ దొరికిందేమిటి?"

"కొండ మీద, చర్చి వెనకాల" అంది ఒత్తావియా గంభీరంగా.

"అబద్ధాలాడకు. నీకు చేతకాదు."

"సరేలే. రేపు చీజ్ కాస్త తక్కువ పెట్టు, దీనికి అరగదు."

"చీజా?" అన్నాడు, డెబ్బై ఏళ్లుగా మూడు పూటలా అదే తింటున్న గిల్దో. "అంటే ఏమిటి?"