భాష సరిచూసినవారు

ఒక సంతకాన్ని ఏళ్లుగా మోస్తున్నాను. అది పెట్టిన కాగితం ఇప్పుడు ఏ బీరువాలో ఉందో, చెదలే తిన్నాయో తెలియదు. సంతకం మాత్రం నా దగ్గరే ఉంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే ముందు నా కోపం సంగతి చెప్పాలి. ఆ కోపం న్యాయమైనదని ఒప్పించాలి. ఆ ఒప్పించే పనిలో పడి అసలు సంగతి ఎప్పుడూ వెనక్కి పోయేది. మీరెవరో నాకు తెలియదు. అందుకే ఈసారి చెప్పగలనేమో.

తెలంగాణ వచ్చిన కొత్తలో నల్లగొండలో ఒక శిక్షణకు ఎంపికయ్యాను. ఎచ్ఐవీ సోకకుండా ఆపడం మీద పరిశోధన చేయబోయే కొత్తవాళ్ల కోసం పెట్టిన శిక్షణ. డాక్టర్లను, గణాంకాల వాళ్లను, నాలా సమాజశాస్త్రం చదివినవాళ్లను కలిపి జట్లు కట్టారు. ఒకరి శాస్త్రం ఇంకొకరికి అర్థం కావాలని వాళ్ల ఉద్దేశం. మా జట్టును నడిపింది మాధవి. నాకన్నా రెండేళ్లు చిన్నది, డాక్టరు, గుంటూరు దిక్కు మనిషి.

మొదటి రోజు పరిచయాల్లో "నేను సమాజశాస్త్రంల ఎమ్మే చేసిన" అన్నాను. మాధవి నవ్వి, "చేసిన" అని తనలో తాను అనుకుంది. వెక్కిరించిందో, ఆ మాట కొత్తగా వినిపించిందో. నేను వెక్కిరింత కిందే జమకట్టాను. నాది అలాంటి బుద్ధి. భోజనాల దగ్గర నన్ను దాటి పక్కామెకు పెరుగు అందించిన రోజు కూడా నాకు గుర్తుంది. శిక్షణ నడిపే పెద్దసారుకు నన్ను పరిచయం చేస్తూ "మాకు తెలుగు చూసిపెడతారు సార్" అన్న రోజు మరీ గుర్తుంది. అది చిన్నచూపే. ఇప్పటికీ అదే అంటాను. నేను చదివింది తెలుగు చూసిపెట్టడానికి కాదు. ప్రశ్నాపత్రం పైన పరిశోధకుల పేర్లు అచ్చయ్యాయి. నాకు మాత్రం అట్టడుగున చోటిచ్చారు. "భాష సరిచూసినవారు" అని రాసి, పక్కన ఒక ఖాళీ గీత. దాని మీద అర్జీ పెట్టాను. జవాబు రాలేదు.

అందులో తొమ్మిదో ప్రశ్న ఇది: "గత ఆరు నెలల్లో మీ ఆయనతో కాకుండా వేరే మగవాళ్లతో శారీరకంగా కలిశారా?" లేదు అంటే, తరువాతి ప్రశ్నలన్నీ వదిలేసి చివరి పేజీకి పోవాలి.

ప్రశ్నలను ముందు కొందరిని అడిగి చూడడం మా పద్ధతి. నన్ను నార్కట్‌పల్లి చౌరస్తాకు పంపారు. లారీలు ఆగేచోట ఉడకబెట్టిన పల్లీలు అమ్మే ఒకామెను అడిగాను. ఎల్లమ్మ అనుకుందాం. "మా ఆయన తప్ప ఎవ్వల్లేరమ్మా" అంది. లేదు అని గుర్తు పెట్టాను. ఫైలు మూస్తుంటే తనే మాట కలిపింది. తాళి కట్టినవాడు చనిపోయి చాలా ఏళ్లయిందట. ఇప్పుడున్న ఆయన లారీ నడుపుతాడట, పదిహేను దినాలకోసారి ఆగుతాడట. ఆయనకు ఇంకో దిక్కు సంసారం ఉంది, తోవ పొడుగునా ఇంకెవరెవరున్నారో ఆమె అడగదు. "అడిగితే మల్ల రాడు" అని నవ్వింది.

ఆ రోజు అడిగిన మరో ఇద్దరి సంగతీ ఇంతే. తాళి లేకపోయినా, వచ్చిపోయే మనిషి వాళ్లకు "మా ఆయనే". ఆ మాటలో వాళ్లు కూడబెట్టుకున్న మర్యాద ఉంది. ఆ మనిషిని "వేరే మగవాడు" అని ఏ ఆడది రాయించుకుంటుంది? మాధవికి ఇది తెలిసే దారి లేదు. నాకు తెలిసింది. "మీ ఆయన మీతోనే ఉంటడా, వచ్చిపోతడా?" అని ఒక్క ప్రశ్న కలిపితే సరిపోయేది. బస్సులో తిరిగి వస్తూ ఆ వాక్యాన్ని మనసులో రాసుకున్నాను కూడా.

మర్నాడు జట్టంతా కూర్చున్నాం. మాధవి నా వైపు తిరిగింది.

"అక్కా, తొమ్మిదో ప్రశ్న మీ వైపు సరిపోతుందా? తేడాగా ఉంటే చెప్పండి. నాకు మీ గిట్ల, గట్ల తప్ప ఇంకేం రాదు."

అందరూ నవ్వారు.

"మంచిగనే ఉన్నది."

"నిజంగా? ఎవరూ తికమకపడలేదా?"

"డాక్టరమ్మ రాసినంక నేనేం దిద్దుత?"

"అబ్బా, అలిగారా అక్కా?"

"అలుగుడేంది? సంతకం యాడ పెట్టాలె, చెప్పు."

ఆమె కలం అందించింది. పెట్టాను.

ఆ క్షణంలో నేనేం కోరుకున్నాను? ఈ ప్రశ్న చాలాసార్లు వేసుకున్నాను. తప్పు పెద్దసారు కంట పడాలని, అందరి ముందూ ఆమె తల వంచాలని, అప్పుడు నేను తీరిగ్గా "నన్నడిగితే చెప్పేదాన్ని" అనాలని. కానీ నన్ను అడిగింది కదా. రెండుసార్లు అడిగింది. ఎల్లమ్మ ఆ లెక్కలో ఎక్కడా లేదు. నిన్న తన పక్కన రాయి మీద నన్ను కూర్చోబెట్టి చేతినిండా పల్లీలు పోసిన మనిషిని నేను ఒక్కరోజులో మరిచాను. మూడు వారాల నాటి పెరుగును మాత్రం మరవలేదు.

తప్పు ఎవరి కంటా పడలేదు. ఆ ప్రశ్నలతోనే ఊరూరా తిరిగి అడిగారు. లెక్కలు అందంగా వచ్చాయి. రక్తపరీక్షల బండి ఎక్కడెక్కడ ఆగాలో ఆ లెక్కలు చూసే నిర్ణయించారు. చౌరస్తాలో ఆడవాళ్లకు ముప్పు తక్కువని తేలింది. బండి అక్కడ ఆగకుండా పోయింది. ఆ నిర్ణయం చదివినప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. అప్పుడైనా నోరు తెరవొచ్చు. తెరిస్తే సంతకం సంగతి వస్తుంది. మొదట కోపంతో మూసిన నోరు తరువాత భయంతో మూసుకుంది.

రెండేళ్లు దాటాక, వేరే పని మీద దవాఖానకు పోతే, ఎచ్ఐవీ మందులిచ్చే కిటికీ ముందు వరసలో ఎల్లమ్మ కనిపించింది. మెడ ఎముకలు తేలి ఉన్నాయి. నేను తప్పుకునేలోపే గుర్తుపట్టింది.

"ఆ పొద్దు అన్నీ రాసుకపోయింది నువ్వే గద బిడ్డా? మల్ల ఎవలన్న వస్తరని శాన్నాళ్లు చూసిన."

మందలించడానికి అన్నది కాదు. తెలిసిన ముఖం కనబడిందని అన్నది. నేను బస్సుకు టైమయిందని చెప్పి వచ్చేశాను.

అప్పటికే సోకి ఉండొచ్చు, బండి ఆగినా ఆమె పరీక్షకు రాకపోవచ్చు అని నాకు నేను చెప్పుకుంటాను. కావచ్చు. కానీ అప్పుడే తెలిసి ఉంటే మందు అప్పుడే మొదలయ్యేది, ఒళ్లు అంత గుల్లయ్యేది కాదు. అప్పటికి సోకకపోయి ఉంటే? ఆ వాక్యాన్ని నేను ఇంతవరకూ పూర్తి చేయలేదు.

ఇంకొకటి ఉంది. ఇప్పుడు నేనే అలాంటి శిక్షణల్లో పాఠం చెబుతున్నాను. "మా ఆయన" కథ నా పాఠాల్లో పేరుపడ్డది. "ఒక డాక్టరమ్మ ఉండేది, మన మాట తెలియక..." అని మొదలుపెడతాను. పిల్లలు నవ్వుతారు, రాసుకుంటారు. మాధవి పరిశోధన వదిలేసి ఎక్కడో క్లినిక్ నడుపుకుంటోందని విన్నాను. ఆమె నవ్వును ఇన్నేళ్లూ దాచుకున్నదాన్ని, ఆమె మీదికి ఏటా ఒక గదినిండా నవ్వు తోలుతున్నాను.

పోయిన నెల తరగతిలో నారాయణపేట నుంచి వచ్చిన ఒక అమ్మాయి నవ్వలేదు. చేయెత్తింది. "మేడం, ఆ జట్టులో ఇక్కడి భాష తెలిసినవాళ్లు ఎవ్వరూ లేరా?"

"లేరు" అన్నాను.

ఆమె అది కూడా రాసుకుంది.

ఉన్నారు. ఒకామె ఉంది. అడిగారు, చెప్పలేదు. ఆ ఒకామె నేనే.