గొంతుకు బదులు ప్రొజెక్టర్

మా మరిది జమ్మికుంటలో రైతులకు డ్రిప్పు పైపులు అమ్ముతాడు. ఊరూరా మీటింగులు పెట్టి, గోడ మీద బొమ్మలు చూపిస్తూ మైకులో ఊదరగొట్టడం అతని పని. అందుకని టిఫిన్ డబ్బా అంత ప్రొజెక్టర్ ఒకటి చవకలో కొన్నాడు. "వదినా, గిది సంచిల ఏస్కొని ఏడికన్న పోవచ్చు" అని కనబడినప్పుడల్లా దాన్ని పొగిడేవాడు. చవక వస్తువంటే నాకు ముందు నుంచీ అనుమానమే. అయినా ఒకసారి నేనే అడిగి తెచ్చుకున్నాను. నా కోసం కాదు, అక్క కోసం.

అక్క అంటే తోడబుట్టినది కాదు, నస్పూర్‌లో నేను సోషల్ చెప్పే బడిలో లెక్కల టీచర్. చర్చిలో పాట ఎత్తుకోవాలంటే అందరూ ఆమె వైపే చూసేవారట. అలాంటి మనిషికి గొంతు ఆపరేషన్ అయింది. గట్టిగా మాట్లాడితే మిగిలిన కాస్త గొంతు కూడా పోతుందని డాక్టర్ చెప్పాడు. తిరిగి బడికి వచ్చాక ఆమె నోటి నుంచి వచ్చేది గుసగుస మాత్రమే. రెండు పీరియడ్లు చెప్పి చూసి, వెనక బెంచీలకు వినబడదని తనే అనుకుని, పిల్లలకు అన్యాయం చేస్తున్నానని తనలో తానే కుమిలిపోయింది.

మైకు పెడితే పక్క క్లాసులకు ఇబ్బంది. పాఠం గోడ మీద చూపిస్తే మాట్లాడే పని తగ్గుతుందని ప్రొజెక్టర్ సంగతి చెప్పగానే ఆమె ముఖంలో ఆశ కనిపించింది. "గా డబ్బ మంచిగ పనిచేస్తె ఉంట చెల్లె. లేకపోతె రిటైర్‌మెంట్‌కు రాసిచ్చి ఇంట్ల కూసుంట" అంది. నాకు దుఃఖం, కోపం రెండూ వచ్చాయి. ఆమె లేని స్టాఫ్‌రూమును నేను ఊహించుకోలేను.

ముందు ఖాళీ క్లాసులో చూశాం. మరిది మీటింగులన్నీ పొద్దుగూకాక జరుగుతాయి కాబట్టి అతనికి ఇబ్బంది తెలియలేదు. మా బడి పట్టపగలు. గోడ మీద బొమ్మ వెలిసిపోయిన చీరలా కనిపించింది. కిటికీలకు దుప్పట్లు కట్టాం. డబ్బాను వెనక్కి జరిపితే అక్షరాలు మసకబారాయి, ముందుకు జరిపితే చిన్నవైపోయాయి. ఎత్తు కోసం కింద అట్లాసులు పెడితే బొమ్మ ఒక పక్కకు సాగింది.

"చతురస్రం చెప్దామంటె గిది ట్రెపీజియం చూపెడ్తుంది" అని అక్క నవ్వింది. ఆపరేషన్ తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. నేను మరిదిని మనసులో నాలుగు తిట్టి, డబ్బాను అటూ ఇటూ తిప్పి చివరికి బొమ్మ సరిచేశాను.

తొమ్మిదో తరగతి పిల్లలు వచ్చి కూర్చున్నారు. బొమ్మలు చక్కగా పడ్డాయి. గెలిచామనుకుంటూ నేను వెనక నిలబడ్డాను. డబ్బాలోని ఫ్యాను మాత్రం గుయ్యిమని ఒకటే మోత. అక్క చతురస్రం మీద వేలు పెట్టి ఏదో చెబుతోంది. పిల్లలు బొమ్మను వదిలేసి ఆమె ముఖం వైపు మెడలు సాచి చూస్తున్నారు. కాసేపటికి వెనక బెంచీ అమ్మాయి లేచి నా వైపు తిరిగింది.

"మేడం, గా డబ్బ బంద్ చెయ్యుండ్రి."

"ఎందుకే? బొమ్మ మంచిగ కనబడ్తలేదా?" అని కసిరాను.

"కనబడ్తుంది మేడం. దాని సప్పుడుల టీచర్ మాట ఇనవడ్తలేదు."

"బంద్ చేస్తె మాత్రం ఇనవడ్తదా? టీచర్‌కు గొంతే లేకపాయె" అనేశాను. అక్క తల దించుకుంది. నా నోరు పడిపోను అనుకున్నాను.

ఆ అమ్మాయి కూర్చోలేదు. "ఇనవడ్తది మేడం. మా బాపు నైట్ షిఫ్ట్ చేసొచ్చి పగలంత పండుకుంటడు. లేస్తడని ఇంట్ల మేము గిట్లనే మాట్లాడుకుంటం."

పక్కనున్న వాళ్లు కూడా తలలూపారు. అక్కడున్న వాళ్లలో చాలామంది గని కార్మికుల పిల్లలే. పగలు నిద్రపోయే తండ్రి పక్కన పుట్టినప్పటి నుంచీ గుసగుసలతో పెరిగినవాళ్లు. నేను పత్తి మార్కెట్ ఊళ్లో పుట్టినదాన్ని. మా ఇంట్లో ఉప్పు అడగాలన్నా అరవాల్సిందే. ఇలాంటిది నాకెలా తడుతుంది?

డబ్బా ఆపేశాను. మోత ఆగిపోయింది. దుప్పట్లు తీస్తే గదిలోకి వెలుగు వచ్చింది. అక్క సుద్దముక్క తీసుకుని బోర్డు మీద చతురస్రం గీసి, పిల్లల వైపు తిరిగి ఏదో అడిగింది. వెనకే నిలబడ్డ నాకు ఒక్క ముక్క వినిపించలేదు. నా ముందున్న చివరి బెంచీలో మాత్రం అందరి చేతులూ లేచాయి.

నాకు ఏడుపు ఆగలేదు. వరండాలోకి వచ్చి కొంగుతో కళ్లు తుడుచుకున్నాను.

బెల్లు కొట్టాక అక్క బయటికి వచ్చి నా చెవి దగ్గర వంగింది. "డబ్బ మీ మరిదికి ఇచ్చెయ్యి చెల్లె. రేపు గీ పోరగాళ్లకు వృత్తాలు మొదలువెట్టాలె."