ఏటూరునాగారం బస్సులో డచ్చి వాక్యం

డెబ్బైల చివర్లో ఒక స్నేహితుడి పెళ్లికి వెళ్తూ హన్మకొండలో ఏటూరునాగారం బస్సెక్కాను. మాది విశాఖ. డచ్చి భాషలో వాక్యనిర్మాణం మీద నాలుగేళ్లుగా పరిశోధన చేస్తున్నాను. అయినా ఆ భాష మాట్లాడే మనిషిని ఒక్కరినీ చూడలేదు. నాదంతా పుస్తకాల చదువే.

“జర జరుగు బిడ్డా” అంటూ నేతచీర కట్టుకున్న తెల్లావిడ ఒకామె పక్కన కూర్చుంది. పెద్ద వయసే. మీది ఏ దేశమని అడిగాను.

“హాలెండు. ఈడ దవాఖానల నర్సును.”

హాలెండంటే డచ్చి మాట్లాడే దేశమే! డచ్చిలోనూ క్రియలు తెలుగు వరసలోనే వస్తాయన్న నా సిద్ధాంతానికి ఆధారంగా నేనే కూర్చుకున్న డచ్చి వాక్యాన్ని తడబడుతూ అప్పజెప్పాను. ‘పిల్లలు ఈదడం నేను చూశానని ఆయనకు తెలుసు’ అని దాని అర్థం. తెలుగులోలాగే ‘ఈదడం’ తర్వాతే ‘చూశాను’ పెట్టాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. “అట్ల ఎవ్వలూ అనరు. ‘చూసిన’ అన్నది ముందుగాల రావాలె.”

నాలుగేళ్ల పని ఆ ఒక్క మాటతో కూలిపోయింది. తలెత్తి చూస్తే ఆమె కళ్ల నిండా నీళ్లు.

“తప్పయితే కానియ్యి బిడ్డా. మా భాష చెవులవడక ఇరవై ఏండ్లాయె. ఇంకొకటి చెప్పు.”

సంచిలోంచి కాగితాలు తీశాను. ములుగులో ఆమె దిగేదాకా నా వాక్యాలన్నీ, తప్పులతో సహా, చదివి వినిపించాను.