ఒకే పేపరు విన్న రెండు వీధులు

ఆ ఏడు మా గ్రంథాలయాల సహకార సంఘానికి ప్రభుత్వం ఇచ్చే సాయం బాగా తగ్గించేసింది. కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లోని చిన్న చిన్న గ్రంథాలయాలు కలిసి పెట్టుకున్న సంఘం అది. పుస్తకాలను పెట్టెల్లో సర్ది ఊరి నుంచి ఊరికి తిప్పేవాళ్లం. ఊరికొక దినపత్రిక తెప్పించేవాళ్లం. ఇక అన్నీ సాగవని తేలిపోయింది. ఏది ఆపాలో, ఏది ఉంచాలో ఊళ్లు తిరిగి చూసి రమ్మని కార్యదర్శి నన్ను పంపాడు. అప్పటికి నాకు పెళ్లి కాలేదు, కాళ్లలో సత్తువ ఉంది. సంతోషంగానే బయల్దేరాను.

ఆ సంతోషం ఎంతో కాలం నిలవలేదు. నాకంటే ముందే నేనొస్తున్నానన్న కబురు ఊళ్లకు చేరేది. ఒంటిమిట్ట దగ్గర ఒక పల్లెలో, పుస్తకాలు పట్టుకుపోతానేమోనని నన్ను చూడగానే తలుపుకు తాళం వేశారు. రాజంపేట వైపు ఒకచోట కడుపు నిండా అన్నం పెట్టారు గాని, అడిగినదానికి మాత్రం ఎవరూ నోరు విప్పలేదు.

చివరగా ఓర్వకల్లు దాటాక బస్సు దిగి, రాళ్లగుట్టల మధ్య నడిచి ఒక ఊరికి వెళ్లాను. అక్కడి గ్రంథాలయం రెండు వీధుల మధ్య పాత గోదాములో ఉంది. తూర్పు వీధికి ఒక తలుపు, పడమటి వీధికి ఒక తలుపు. నడిపేది ఒక ముసలి దర్జీ, సాయిబు. కుట్టుమిషను గది నడుమ వేసుకుని కూర్చున్నాడు.

"పుస్తకాలు ఇళ్లకు తీసుకుపోతారా?" అని అడిగాను.

"శానా తక్కువ సార్. ఆ వీధోళ్లు ముట్టింది ఈ వీధోళ్లు ముట్టరు. రెండు పార్టీలు కదా."

"మరి ఈ గ్రంథాలయం ఎవరి కోసం?"

"పేపరు చదివే యాళకు నువ్వే చూస్తావులే."

పొద్దు వాలుతుండగా మగవాళ్లు వచ్చారు. ఏ వీధి వాళ్లు ఆ తలుపులోంచి వచ్చి, ఎవరి గోడకు వాళ్లు ఆనుకుని కూర్చున్నారు. దర్జీ పేపరును మడత దగ్గర చీల్చి చెరో సగం ఇచ్చాడు. ముందు తూర్పు వైపు ఒకతను పైకి చదివాడు. పడమటి వాళ్లు విననట్టే కూర్చుని అంతా విన్నారు. తరవాత పడమటి వైపు నుంచి ఒక బక్కపలుచని మనిషి అందుకున్నాడు. గొంతు మాత్రం ఖంగుమంది. అతను రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోవడం గురించి చదివి ఆపగానే, తూర్పు గోడ దగ్గర ఒక పెద్దాయన పైకప్పు చూస్తూ, "ఇంగ కర్నూలు గతి ఏమైతాదో" అన్నాడు. అవతల గోడ నుంచి ఒక గొంతు, "సర్కారు కచేరీలన్నీ పోతాయంట" అంది. ఆ రెండు వీధుల మధ్య మాట అనేది ఉంటే అదొక్కటే.

ఆ సాయంత్రం ఇద్దరు కుర్రవాళ్లు మాత్రం కూర్చోలేదు. పడమటి గడప మీద నిలబడి, చదివేది వినకుండా, ఎదుటి గోడ దగ్గర ఎవరెవరు ఉన్నారో ఒక్కొక్కరినే చూస్తున్నారు. దర్జీ వాళ్లను గమనించాడు. మిషను తొక్కుతున్న అతని కాళ్లు ఆగిపోయాయి. చదవడం ముగియగానే నా చేతికి సంచి అందించాడు.

"ఈడ పండుకోవద్దు సార్. రోడ్డు మీదికి పో, ఆఖరు బస్సు దొరుకుతాది."

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. ఇంగా కాలేదు."

కర్నూలులో సంఘం సమావేశమైంది. పుస్తకాలు కదలని చోట్ల పేపరు ఆపాలన్నారు. నేను చూసింది చూసినట్టు చెప్పాను. అధ్యక్షుడు కడప వకీలు, మంచివాడే. శాంతంగా విని, "మనది గ్రంథాలయ సంఘమప్పా, పోలీసు ఠాణా కాదు. ఒక ఊరికి సడలిస్తే అన్ని ఊళ్లూ అడుగుతాయి" అన్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తక్కిన ఊళ్లనూ నేనే చూశాను. చివరికి, ఆఫీసు పేపరును మరుసటి రోజు ఆ ఊరికి పంపుకుంటానంటే ఎవరూ కాదనలేదు.

రోజూ కండక్టరు చేతికి కట్ట ఇచ్చేవాణ్ణి. నిన్నటి పేపరైనా వింటున్నారని దర్జీ కబురు పంపాడు. కానీ వచ్చేవాళ్లు పలచబడుతున్నారని కూడా అన్నాడు. కొన్ని వారాలకు కండక్టరు కట్ట విప్పకుండానే వెనక్కి తెచ్చాడు.

"తీసుకునేటోళ్లు ల్యారు సార్. ఊర్లో పోలీసోళ్లు ఉండారు. శెనక్కాయల చేన్లో ఇద్దర్ని నరికినారంట. వీధికొకరు."

వాళ్లలో ఒకడు ఆ ఖంగుమనే గొంతు మనిషని అతను చెప్పిన ఆనవాళ్లను బట్టి తెలిసింది. ఆ కట్టను అలాగే ఆఫీసుకు తెచ్చి బీరువాలో పెట్టాను.

ఎండాకాలంలో కడప బజారులో, ఒక బట్టల కొట్టు అరుగు మీద దర్జీ కనిపించాడు. మిషనుతో సహా కూతురి దగ్గరికి వచ్చేశాడట. సంఘం ఏ రోజు పేపరు ఆ రోజు పంపడం ఆపకుండా ఉంటే ఇలా జరిగేదా అని అడిగాను.

"ఏం పేపరు ఇచ్చినా అది ఆగేది కాదు సార్" అన్నాడు, దారం కొరుకుతూ. "అయితే ఒకరి గొంతు ఒకరికి ఇనపడేది. ఇప్పుడు అదీ ల్యాకపాయె."

మరుసటి ఏడు సాయం ఇంకా తగ్గింది. నన్ను మళ్లీ ఊళ్లకు పంపారు. ఈసారి జాబితాలో ఆ ఊరు లేదు. ఆ ఊరి మలుపు దగ్గర డ్రైవరు వేగం తగ్గించలేదు. బస్సులో అందరూ ఊరి వైపు కాక రెండో వైపు గుట్టల కేసి చూస్తూ కూర్చున్నారు.